ఆదినారాయణప్ప రంగుచీటీలు

ఆదినారాయణప్ప ఎదురుపడిన మనిషిని రంగుచీటీలతో పరీక్ష చేయకుండా వదలడు. తొంభై ఏడులో, బొమ్మనహళ్ళిలో ఒకే గేటు లోపల వరసగా ఇళ్ళున్న ఆ వటారంలో ఆయనకు చిక్కకుండా తిరిగింది ఆయనింటి పిల్లి ఒక్కటే.

ఆయన మానసిక ఆసుపత్రిలో మనస్తత్వ నిపుణుడు. చీటీ మీద కన్నడంలో ‘కెంపు’ అని, అంటే ఎరుపని, రాసి ఉంటుంది. సిరా మాత్రం నీలం. రాసింది చదవకుండా సిరా రంగు చెప్పాలి. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో కన్నడం చదివిన ఆ జనానికి నోరు తిరిగేది కాదు.

ఒకసారి భుజాన సిలిండరుతో వచ్చిన గ్యాసు మనిషిని గుమ్మంలోనే నిలబెట్టేశాడు.

“రంగు చెప్పప్పా.”

“నీ... కెంపు! సార్, యాడ దించల్ల?”

“చదివితివి! ఇంకోటి చెప్పి దించు.”

లోపలినుంచి ఆయన భార్య హనుమక్క అరిచింది. “ఆయప్ప భుజం విరగ్గొడ్తావా ఏమి?”

ఇంకోసారి పెళ్ళిపీటల మీది వరుడికే చీటీ చూపించాడు. ముహూర్తం మించిపోతోందని మొత్తుకున్న పురోహితుడికీ ఒకటి చూపించాడు. ఆయన కూడా తప్పే చెప్పాడు.

“తలలో ఉరికేది ఒకటుండాది, నిలిపేది ఒకటుండాది. రెండూ కొట్లాడితే ఎవురైనా తడబడతారు. అది పిచ్చి కాదప్పా!” అని ఆదినారాయణప్ప అందరికీ వినబడేలా చెప్పేవాడు.

పక్కింటి ఈరమ్మ ఆ మాట చెవులు రిక్కించి వినేది. ఆమెది గార్మెంట్సులో కుట్టుపని. పొద్దున తాళం వేసి సందు చివరికి పోయి, అనుమానమొచ్చి వెనక్కి వచ్చి లాగి చూసేది. బస్టాపు దాకా పోయి మళ్ళీ వచ్చేది. ఇంకోసారి ఆలస్యమైతే రానక్కర్లేదని సూపర్‌వైజరు చెప్పేశాడు. ఆసుపత్రికి పోతే పిచ్చిదంటారు, పోకపోతే కూడు పోతుంది. పాపం, ఎవరికి చెప్పుకోగలదు?

తన వంతు చీటీ చూస్తూ ఆమె గొణిగింది. “సార్, నిలిపేది నిలపకపోతే?”

మర్నాడు ఆయన వటారమంతటికీ కొత్త పరీక్ష పెట్టాడు. ఎవరైనా సరే, ఒక్కసారే తాళం వేసి వెనక్కి చూడకుండా గేటు దాటాలి.

జనం ఘోరంగా ఓడిపోయారు. బ్యాంకు గుమాస్తా రామయ్య గొడుగు మరిచానంటూ వచ్చి తాళం లాగి పట్టుబడ్డాడు. అందరూ పడీపడీ నవ్వారు. ఈరమ్మ కూడా తిరిగొచ్చింది. ఆ నవ్వుల్లో ఆమెను ప్రత్యేకంగా ఎవరూ చూడలేదు.

అదే బస్టాపుకు పోయే సాకుతో ఆదినారాయణప్ప రోజూ ఆమె వెంట నడిచేవాడు.

“సార్, గుండె దడదడ అంటాంది. ఒక్కసారి చూసొస్తా.”

“అననీలేమ్మా. నువ్వు పోకుంటే అదే అలిసిపోతాది.”

మొదట్లో ఏడుస్తూ బస్సెక్కింది. పోనుపోను గొణుగుతూ ఎక్కింది. ఆ వానాకాలం ముగిసేసరికి సైరను కంటే ముందే మిషను ముందు కూర్చుంటోంది. సూపర్‌వైజరే గడియారం సరిచూసుకున్నాడు.

ఒకనాడు ఆమె స్వీటు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది.

“మీ పరిశోధన అయిపోయెనా సార్? గ్యాసాయన్ను గూడా వదల్లేదు, ఎంతమంది కావల్సొచ్చిరి?”

“ఒక్కరే.”

“మరి అందర్నీ యాల పీడిస్తిరి?”

ఆయన మైసూరుపాకు విరిచి నోట్లో వేసుకున్నాడు.

“ఒక్కదాన్నే పిలిస్తే నువ్వు వస్తుంటివా తల్లీ?”