పేరు కొట్టెయ్యని స్కోరుబుక్కు

మే నెల వచ్చినా కెనడాలో మా సస్కటూన్‌లో కొన్ని ఉదయాలు అద్దం మీద మంచు గీకనిదే కారు కదలదు. మొన్న మంగళవారం నేను ఆ పనిలో ఉండగా ఫోన్ మోగింది. కాల్గరీ నుంచి ఆంటీ కూతురు. ఎప్పుడూ నాతో ఇంగ్లీషులోనే మాట్లాడే మనిషి ఆ రోజు మాత్రం తెలుగు కోసం వెతుక్కుంది. "అమ్మ లేదు," అంది. మళ్ళీ తనే, "నిద్రలోనే పోయింది. హార్ట్ అన్నారు," అంది. ఆంటీ కూతురి దగ్గరికి వెళ్ళి అప్పటికి వారమే అయింది. వెళ్ళేటప్పుడు, "సీజన్ మొదలయ్యేలోపు వచ్చేస్తాలే అమ్మాయ్, నా సీటు ఎవరికీ ఇవ్వకు," అని చెప్పి మరీ వెళ్ళారు.

అంకుల్ అంత్యక్రియలు ఇక్కడే జరిగాయి కాబట్టి ఆమెనూ ఇక్కడికే తీసుకొచ్చారు. గుడి కమిటీ వాళ్ళు వచ్చారు, యూనివర్సిటీలో ఆమెతో పనిచేసినవాళ్ళు వచ్చారు. వెనక వరసలో బేస్‌బాల్ టోపీలు తీసి ఒళ్ళో పెట్టుకుని ఏడెనిమిది మంది ముసలివాళ్ళు కూర్చున్నారు. మనవాళ్ళలో ఒకాయన నా వైపు వంగి, "వీళ్ళెవరండీ?" అని అడిగారు. "ఆంటీ వాళ్ళేనండీ," అన్నాను.

నాకామె బంధువు కాదు, మా ఊరి మనిషీ కాదు. ఆమెది తెనాలి, నాది వరంగల్. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవారు, అంతే. తొమ్మిదేళ్ళ కిందట మా ఆయన పోస్ట్‌డాక్ పరిశోధన కోసం ఈ ఊరు వచ్చాం. ఆ మొదటి వేసవిలో ఒక సాయంత్రం ఆవిడే వచ్చి తలుపు కొట్టారు.

"క్రికెట్ చూస్తావా?"

"చూస్తాను ఆంటీ."

"అయితే సగం వచ్చినట్టే. మిగతా సగం ఏవిటంటే, ఆ క్రికెట్ మర్చిపోవడం. బూట్లేసుకుని రా. చెప్పులైతే దోమలు పీక్కు తింటాయి."

అలా నన్ను బేస్‌బాల్‌కి తీసుకెళ్ళారు. ఇందులో బంతి కొట్టినవాడు వికెట్ల మధ్య కాదు, మైదానం మూలల్లో ఉండే బేసులన్నీ తొక్కుతూ చుట్టి బయల్దేరిన చోటికి చేరితేనే ఒక పరుగు. మా ఊరి టీమ్ పెద్ద లీగుల టీమ్ కాదు. అమెరికాలోనూ కెనడాలోనూ కాలేజీల్లో చదువుకునే కుర్రాళ్ళు వేసవి రెండు నెలలు వచ్చి ఇక్కడ ఆడతారు. జీతాలుండవు. ఊళ్ళో ఎవరో ఒకరి ఇంట్లో ఉండి, వాళ్ళు పెట్టింది తిని, ఆట ఆడి వెళ్ళిపోతారు. అంకుల్ పోయాక ఆంటీ కూడా ప్రతి వేసవి ఒక ఆటగాడిని ఇంట్లో పెట్టుకునేవారు.

ఫస్ట్ బేస్ వైపు మూడో వరుస చివరి సీటు ఆవిడది. ముడిలో పెన్సిలు, ఒళ్ళో స్కోరుబుక్కు, పక్కన డబ్బాలో ఉల్లిపాయా పచ్చిమిర్చీ కలిపిన ఉడికించిన వేరుశనగలు. ప్రతి బంతికీ ఏం జరిగిందో గళ్ళలో రాసేవారు. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి చప్పట్లు కొట్టేవారు కాదు. బాగా ఆడిన వాడికి తల ఒకసారి ఊపేవారు.

కొత్తగా పెళ్ళయి ఈ దేశం వచ్చినప్పుడు, వేసవంతా అంకుల్ మట్టి పరీక్షలంటూ పొలాల వెంట తిరిగేవారట. ఒక్కర్తే ఉంటుందని ఇంటి ఓనరమ్మ ఈవిణ్ణి ఆటకి తీసుకెళ్ళి, చేతికి స్కోరుబుక్కు ఇచ్చిందట. "నేను ఇంగ్లీషు మాట్లాడితే అందరూ 'ఇంకోసారి చెప్పు' అనేవాళ్ళే. ఇందులో రాస్తే మాత్రం ఎవ్వరూ ఇంకోసారి అడగలేదమ్మాయ్," అనేవారు. తర్వాత యూనివర్సిటీ విత్తనాల ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. తడి కాగితం మీద గింజలు పరిచి ఎన్ని మొలిచాయో చూసే పని. రిటైరయ్యేదాకా అదే చేశారు. "మొలవని గింజని కూడా రాయాలి. రాయకపోతే ఆ కాగితం అబద్ధం చెప్పినట్టు," అనేది ఆ ల్యాబ్ నుంచి ఆవిడ తెచ్చుకున్న మాట.

జూలై మొదటి వారం వస్తే ఈ టీములన్నిట్లోనూ మార్పులు మొదలవుతాయి. కొందరికి దెబ్బలు తగులుతాయి, కొందరు ఇంటిమీద బెంగతో వెళ్ళిపోతారు, సరిగ్గా ఆడని కొందరిని టీమే పంపించేస్తుంది. వాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళు దిగుతారు. అభిమానులకి అదొక పండగ. "ఆ షార్ట్‌స్టాప్ పోయాడు, పీడ వదిలింది!" అని పక్క సీట్లవాళ్ళు నవ్వుకుంటుంటే మొదట్లో నేనూ నవ్వేదాన్ని. ఆంటీ నవ్వేవారు కాదు. అలాగని ఆవిడకి గెలవాలని లేకపోలేదు. ఆ షార్ట్‌స్టాప్ కాళ్ళు బరువని, సెకండ్ థర్డ్ బేసుల మధ్య బంతి ఆపాల్సిన వాడికి అలా కుదరదని అందరికంటే ముందు చెప్పింది ఆవిడే. ఒక ఏడాది సెకండ్ బేస్ కుర్రాణ్ణి మార్చినప్పుడు మేనేజర్‌కి బుద్ధి లేదని వారం రోజులు సణిగారు. కొత్తవాడు దిగి వరసగా మ్యాచ్‌లు గెలిపించాక, "ఆ మేనేజర్‌దే రైటు, నాదే తప్పు," అని అందరి ముందూ ఒప్పుకున్నారు.

ఆటగాళ్ళ పేర్ల జాబితా ఆవిడ స్కోరుబుక్కు అట్ట లోపల అతికించి ఉండేది. వెళ్ళిపోయిన వాడి పేరు మాత్రం ఎప్పుడూ కొట్టెయ్యలేదు. కొత్త పేరు కిందెక్కడో ఇరికించి రాసేవారు. "స్థలం చాలట్లేదు కదా ఆంటీ, పాతవి కొట్టెయ్యొచ్చుగా?" అంటే, "కొట్టెయ్యడానికి వాడేం తప్పు చేశాడే? ఆడాడుగా," అన్నారు. ఇంకో అలవాటు కూడా ఉండేది. ఎవరినైనా పంపించేశారని తెలిస్తే, స్కోరుబుక్కులో వాడు బాగా ఆడిన రోజు వెతికి, ఆ పేజీ లైబ్రరీలో ఫొటోకాపీ తీయించి, వాడు ఊరు దాటేలోపు వాడి చేతికందేలా చూసేవారు. ఉత్తరం ఉండేది కాదు. ఆ పేజీ, కింద ఆవిడ సంతకం, అంతే.

రెండేళ్ళ కిందటి వేసవిలో ఆవిడ ఇంట్లో ఉన్నది మార్కస్ అనే క్యాచర్, అంటే మన వికెట్ కీపర్ లాంటివాడు. అమెరికా దక్షిణాది కుర్రాడు, భారీ మనిషి, చాలా తక్కువ మాట్లాడేవాడు. పెసరట్టుకి 'గ్రీన్ పాన్‌కేక్' అని పేరు పెట్టి పొద్దున్నే నాలుగేసి లాగించేవాడు. బంతి పట్టడంలో బంగారం. బ్యాటుకి మాత్రం బంతి తగిలేది కాదు.

జూలైలో ఒక మధ్యాహ్నం ఆంటీ ఫోన్ చేశారు. గొంతు మామూలుగా లేదు. "ఒకసారి రావే," అన్నారు. వెళ్ళేసరికి వంటింట్లో నిలబడి ఉన్నారు. కిటికీలోంచి చూస్తే పెరట్లో మార్కస్ ఆవిడ టమాటా మొక్కలకి కర్రలు కడుతున్నాడు.

"ఆటగాళ్ళకి ఇళ్ళు చూసే అమ్మాయి ఫోన్ చేసింది. రేపు కొత్త క్యాచర్ వస్తున్నాడట. గది రెడీ చేసి పెట్టమంది."

"ఏ గది?"

"వీడి గదే."

"మరి మార్కస్‌కి...?"

"వీడికింకా చెప్పలేదట. ఈరోజు ఆట అయ్యాక చెప్తారట. ఇందాకే అన్నం తింటూ, వాళ్ళమ్మ ఆగస్టులో వస్తుంది, ఇక్కడ ఉండొచ్చా అని అడిగాడే నన్ను. ఏమని చెప్పను?" ఆవిడ కళ్ళలో నీళ్ళు చూడటం అదే మొదటిసారి.

నేను పిరికిదాన్ని. "మనకెందుకు ఆంటీ, వాళ్ళ టీమ్, వాళ్ళు చూసుకుంటరు గదా," అన్నాను.

"వాడు నా ఇంట్లో తింటున్నాడు. నాకు తెలిసి వాడికి తెలియకుండా నేనెట్లా వడ్డిస్తానే?" అని పెన్సిలు ముడిలో దోపుకుని, "కారు తియ్యి," అన్నారు.

మేనేజర్ గది స్టేడియం వెనక ఒక చిన్న ట్రెయిలర్. ఆయన ముప్ఫై దాటని మనిషి, అలసిపోయి ఉన్నాడు. ఆంటీ కుర్చీలో కూర్చోలేదు. ఆయన చెప్పింది కూడా కాదనడానికి లేదు. టీమ్ వరసగా ఓడుతోంది. ఈ రోజుకి వేరే క్యాచర్ లేడు. ముందే చెబితే కుర్రాడు డీలా పడతాడు, ఆడలేడు.

ఆంటీ అంతా విన్నారు. తన ఇంగ్లీషులో, నెమ్మదిగా, మాట మాట విడగొట్టి చెప్పారు. "మార్చండి. మార్చాల్సిందే, నేనూ చూస్తున్నాను. అది మీ పని. కానీ ఇది వాడి చివరి ఆట. ఆ సంగతి ఊళ్ళో మా అందరికీ తెలిసి, వాడొక్కడికే తెలియకుండా ఆడించకండి. ఐదింటి లోపు మీరు చెప్పండి. లేకపోతే నేను చెప్తాను. మీరు చెబితేనే వాడికి గౌరవం."

ఆయన టేబుల్ మీది టోపీ తీసుకుని లేచాడు. నేను తలుపు దగ్గర నిలబడి, ఇక గెంటేస్తాడనే అనుకున్నాను. "ఓకే, మ్యామ్," అన్నాడు.

ఆ సాయంత్రం మేం ఎప్పటి సీట్లలోనే కూర్చున్నాం. మేనేజర్ చెప్పేసినట్టున్నాడు, మార్కస్ ముఖం ఎర్రబడి ఉంది. వచ్చి తన చోట మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, మాస్కు కిందికి లాక్కున్నాడు. కథల్లో అయితే ఆ రోజు బంతి ప్రహరీ దాటేది. అలా ఏమీ జరగలేదు. మొదటిసారి బ్యాటు ఊపి అవుటయ్యాడు. రెండోసారీ అంతే. ఆంటీ రెండుసార్లూ గడిలో రాసుకున్నారు. ఏడో ఇన్నింగ్స్‌లో అవతలి టీమ్ వాడొకడు, ఎవరూ బంతి కొట్టకుండానే, ఫస్ట్ బేస్ వదిలి సెకండ్ బేస్ దొంగిలించడానికి పరిగెత్తాడు. మార్కస్ లేచిన లేవడమే విసిరాడు. బంతి నేలకి తగలకుండా నేరుగా వెళ్ళి షార్ట్‌స్టాప్ చేతిలో పడింది. పరిగెత్తినవాడు ఇంకా రెండడుగుల దూరంలో ఉన్నాడు. అవుట్.

ఆంటీ పెన్సిలూ పుస్తకమూ నా ఒళ్ళో పడేసి లేచి నిలబడ్డారు. చప్పట్లు కొట్టడం అలవాటు లేని చేతులు, సరిగ్గా కలవలేదు కూడా. ఆవిణ్ణి చూసి ముందు వరసవాళ్ళు లేచారు. వాళ్ళని చూసి మిగతావాళ్ళు. మార్కస్ మాస్కు తీసి మా వైపు ఒక్కసారి చూశాడు. ఆ ఆట మేం ఓడిపోయాం.

మర్నాడు పొద్దున తన పాత కారులో సామాను సర్దుకున్నాడు. ఆంటీ ఇచ్చిన కాగితం చూసి, "ఇందులో నేను రెండుసార్లు అవుటయ్యాను కదా," అన్నాడు.

"అవి కూడా ఉండాలి. అప్పుడే ఆ ఏడో ఇన్నింగ్స్ నిజమని ఎవరైనా నమ్ముతారు."

వాడు వంగి ఆవిణ్ణి గట్టిగా పట్టుకున్నాడు. కారెక్కబోతూ, "కొత్తవాడితో కూడా బాగుంటారుగా?" అని అడిగాడు.

"వాడికి మాత్రం ఆకలెయ్యదా ఏం?" అన్నారు ఆంటీ.

కారు మలుపు తిరిగాక లోపలికొచ్చి దుప్పట్లు మార్చారు. నేనొక వైపు పట్టుకున్నాను. కొత్త క్యాచర్ మధ్యాహ్నం వచ్చాడు, బెదురుగా, ఎవరి చోటులోనో అడుగుపెడుతున్నట్టు. ఆంటీ వాడికీ పెసరట్లే పోశారు. వాడు బాగా ఆడాడు. ఆ ఏడు టీమ్ ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది. మార్కస్ ఇప్పుడు తన ఊళ్ళో హైస్కూలు పిల్లలకి ఆట నేర్పిస్తున్నాడు. ఆ ఏడు ఆగస్టులో వాళ్ళమ్మ నిజంగానే వచ్చింది, కొడుకు లేకపోయినా. ఆంటీ పిలిచారు. ఇద్దరూ మూడు రోజులు పెరట్లో కూర్చుని మాట్లాడుకున్నారు.

ఆ మరుసటి వసంతంలో నా వంతు వచ్చింది. వ్యవసాయ యంత్రాలకి సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో ఉద్యోగం నాది. ఒక ఉదయం లాగిన్ అవుదామంటే ల్యాప్‌టాప్ రానివ్వలేదు. మా టీమ్ మొత్తాన్నీ తీసేశారని మధ్యాహ్నానికి ఈమెయిల్ వచ్చింది. ఆంటీ గిన్నెలో పప్పుచారు పట్టుకుని వచ్చారు. ఇంకో ఉద్యోగం వస్తుందిలే అనలేదు. అంతా మన మంచికే అనలేదు. నా ఎదురుగా కూర్చుని, "నువ్వు బాగా చేసిన రోజు ఏదో ఒకటి చెప్పు," అన్నారు. నేను ఏడుస్తూనే చెప్పాను. విత్తనాలు చల్లే ముందు రోజు ఒక యంత్రం మొండికేస్తే, ఫోన్‌లో రైతుతో మాట్లాడుతూ తప్పు పట్టుకుని సరిచేసిన సంగతి. ఆవిడ అడ్డు తగలకుండా విన్నారు. రైతు పేరు అడిగారు. ఎన్ని గంటలు పట్టిందని అడిగారు. మొదట ఏ తప్పులు చేశావని కూడా అడిగారు. చెప్పడం పూర్తయ్యేసరికి నాకు ఆకలేసింది. నాలుగు నెలలకి వేరే ఉద్యోగం దొరికింది. ఆ నాలుగు నెలలూ తల ఎత్తుకుని తిరిగానంటే ఆ మధ్యాహ్నమే కారణం.

ఆంటీ పోయాక నాకు పదే పదే గుర్తొస్తున్నది మాత్రం కిందటి ఆగస్టు. మా టీమ్ ఆ ఏడు ఇక్కడ ఆడే చివరి ఆట అయిపోయింది. పిల్లలంతా గ్రౌండులోకి దిగి బేసుల చుట్టూ పరిగెత్తి ఇళ్ళకి వెళ్ళిపోయారు. గ్రౌండు చూసే ఆయన పైపుతో మట్టి తడుపుతున్నాడు. ఆంటీ ఉన్నట్టుండి చేతిసంచీ నాకిచ్చి, "యాభై ఏళ్ళుగా రాస్తున్నాను, ఒక్కసారైనా తొక్కి చూడలేదే," అని చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని గేటులోంచి లోపలికి నడిచారు. ఫస్ట్ బేస్ మీద ఒక్క క్షణం ఆగారు. సెకండ్ దగ్గర నడుం మీద చేతులేసుకుని చుట్టూ చూశారు. గ్రౌండు ఆయన పైపు కట్టేసి పక్కకి తప్పుకున్నాడు. థర్డ్ బేస్ దగ్గర ఊపిరాడక ఆవిడ ఆగిపోతే, ఆయన కోచ్‌లా చెయ్యి గిర్రున తిప్పుతూ, "గో, గో!" అని అరిచాడు. మైదానమంతా సాయంత్రపు ఎండ. ఆంటీ పకపకా నవ్వుతూ, కుచ్చిళ్ళు రెండు చేతులా పట్టుకుని, తడి మట్టిలో బూట్ల ముద్రలు వేసుకుంటూ పరుగందుకున్నారు.