చెప్పులు విప్పి తొక్కిన బ్రేకు

మా బావ పోయాడన్న కబురు వచ్చేసరికి నా మనవరాలు నా ఒళ్ళో ఉంది. ఫోన్‌లో అక్క ఏడవలేదు. "మీ బావ ఎంత లేపినా లేవట్లేదురా" అంది, అంతే. పిల్లేమో నా చొక్కా గుండీ పట్టుకుని లాగుతూ నవ్వుతోంది. ఆ నవ్వు చూస్తూనే కళ్ళు తుడుచుకుని అక్క ఇంటికి బయలుదేరాను.

పెద్దకర్మ అయిపోయింది. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి, రాయడం నాకు అలవాటు లేదు. అయినా ఈ నాలుగు ముక్కలు రాయకుండా ఉండలేకపోతున్నాను. చావు జరిగిన నెలలో సంతోషంగా ఉన్నానని రాస్తే తప్పు పట్టకండి. నా సంతోషం పేరు పెట్టి పిలిస్తే ఇంకా పలకని వయసులో ఉంది. అది భూమ్మీద పడటానికి మా బావే కారణం. ఎలాగో చెబుతాను.

మా బావ చిలకలూరిపేట మిల్లుల నుంచి పత్తి బేళ్ళు తోలిన లారీ డ్రైవరు. ఎవరి బండి ఎక్కినా ముందు చెప్పులు విప్పి కింద పెట్టేవాడు. బండి అంటే దేవుడనే భక్తి కాబోలు అనుకుని అందరూ దణ్ణం పెట్టేవాళ్ళు. ఒకసారి నేనూ అదే మాటంటే పకపకా నవ్వాడు.

"భక్తేందిరా బామ్మర్దీ! చెప్పు ఉంటే బ్రేకు ఏం చెప్తందో కాలికి ఎట్టా తెలిసిద్ది? పోవటానికి ఏ బండైనా పోద్ది. ఆగటం చూసి కొనాలి."

బండెక్కాక ఆ చెప్పుల సంగతి పూర్తిగా మర్చిపోయేవాడు. మిల్లు గేటు దగ్గరో, టీ కొట్టు దగ్గరో అవి అలాగే ఉండిపోయేవి. మా ఊరు నరసరావుపేటలో ఎక్కడ జత చెప్పులు ఒంటరిగా కనబడినా ఎవరో ఒకరు తెచ్చి మా అక్కకు ఇచ్చేవాళ్ళు. "ఈయన్ని కట్టుకున్నానో, ఈయన చెప్పుల్ని కట్టుకున్నానో" అని అక్క సణిగేది.

నా కూతురికి బండ్ల పిచ్చి ఆయన లారీలోనే పట్టుకుంది. పెళ్ళయ్యాక కూడా వదల్లేదు. మొగుడూ పెళ్ళాం కలిసి ఎక్కడో వెతికి వెతికి ఒక పాత కాంటెస్సా కారు కొన్నారు. పొడుగాటి ముక్కు, లోపల దున్నపోతు లాంటి ఇంజను. గుర్రుమంటే మా వీధి కిటికీలు అదిరేవి. ముందు యజమాని ఎవరో దాని ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు మార్పించాడట. రంగు వేయించి, మెరిపించి మా ఇంటికి తెచ్చారు. అప్పటికి అమ్మాయి కడుపుతో ఉంది.

పూజ రోజు మా ఆవిడ వాకిట్లో కల్లాపి చల్లి, కారు ముందు ఇంత పొడవున ముగ్గేసింది. చక్రాలకు కాస్త ముందుగా నిమ్మకాయలు పెట్టింది. నేను కొబ్బరికాయ కొట్టాక అమ్మాయి కారెక్కి ముందుకు పోనిచ్చింది. అంతలో పక్కింటి మేకపిల్ల అడ్డం వచ్చింది. అమ్మాయి గట్టిగా బ్రేకు తొక్కింది. కారు ఆగింది కానీ, ముక్కు ఎడమకు తిప్పుకుని ఆగింది. కుడి చక్రం ముందున్న నిమ్మకాయ నలగకుండా పక్కకు దొర్లింది.

"అయ్యో, అపశకునం!" అంటూ మా ఆవిడ గుండెలు పట్టుకుంది. ఇంకో నిమ్మకాయ తెచ్చి చక్రానికి ఆనించి పెట్టింది. ఈసారి చితికింది. దోషం పోయిందని అందరం హమ్మయ్య అనుకున్నాం. అమ్మాయీ అల్లుడూ కోటప్పకొండకు బయలుదేరారు.

వాళ్ళు వెళ్ళిన కాసేపటికి బావ వచ్చాడు. కంటి ఆపరేషన్ తర్వాత చూపు అంతంతమాత్రం. మా ఆవిడ నిమ్మకాయ కథ చెబుతుంటే ఆయన నవ్వలేదు. వాకిట్లోకి వెళ్ళి వంగి, తడి నేలను అరచేత్తో తడిమాడు. కుడి చక్రం దారిలో టైరు గీతలు అచ్చు గుద్దినట్టు పడ్డాయి. ఎడమ వైపు ముగ్గంతా చీపురుతో ఈడ్చినట్టు చెరిగిపోయింది.

"ఒరేయ్, ఇది శకునం కాదురా. ఎడమ చక్రం బిగుసుకుపోయింది, కుడిది దొర్లతానే ఉంది. కారు ఏదిరా?"

"కొండకెళ్ళారు బావా."

ఆయన మొహంలో రంగు పోయింది. "ఎక్కేటప్పుడు ఏం కాదు. దిగేటప్పుడే" అన్నాడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఎడమకు లాగితే లోయ ఏ పక్క ఉంటుందో నాకూ తెలుసు.

అమ్మాయికి ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. అల్లుడికి చేశాను. ఎత్తలేదు. నా స్కూటర్ మీద బావను ఎక్కించుకున్నాను. ఆ దారంతా ఎదురొచ్చే ప్రతి కారులో నా బిడ్డను వెతుక్కుంటూ నడిపాను. నా భుజం మీద బావ చెయ్యి బిగుసుకుంటోంది. "తొందరపడమాక, మనం పడితే వాళ్ళకి చెప్పేవాడు ఉండడు" అంటాడు. మళ్ళీ ఆయనే "ఇంకాస్త పోనియ్యరా" అంటాడు. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే పైనుంచి హారన్ వినబడినప్పుడల్లా తలెత్తి మలుపు వైపు చూశాను.

పైన కారు కనబడింది. ఇంజను గుర్రుమంటోంది. దిగడానికి ముక్కు తిప్పి ఉంది. స్కూటర్ ఇంకా ఆగకముందే బావ దూకి, కారుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

"ఏంది మామయ్యా, కొండ మీద ఈ విన్యాసాలు?" అంది అమ్మాయి.

"దిగు కోడలా. దిగు ముందు."

"మొన్ననే వర్క్‌షాపులో అంతా చూపించాం మామయ్యగారూ" అన్నాడు అల్లుడు.

"చూసి ఉంటారయ్యా. నన్నూ చూడనియ్యి."

చెప్పులు విప్పాడు. వట్టి కాలితో పెడల్ మీద తాళం వేసినట్టు రెండు మూడుసార్లు తొక్కి చూశాడు. చదునుగా ఉన్న చోట మనుషుల్ని పక్కకు తప్పించి, కాస్త పోనిచ్చి గట్టిగా ఆపాడు. మేమంతా చూస్తుండగానే ఆ పొడుగాటి ముక్కు గిర్రున ఎడమకు తిరిగింది. కోతులు గోడెక్కాయి. అల్లుడు నా కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

కారు అక్కడే వదిలేద్దామన్నాను. బావ ఒప్పుకున్నాడు. మర్నాడు కారునూ స్కూటర్‌నూ లారీ మీద ఎక్కించి దింపించుకున్నాం. మేం మాత్రం అప్పుడే బస్సులో దిగాం. ప్రతి మలుపు దగ్గరా అమ్మాయి పొట్ట మీద చెయ్యేసుకుని కళ్ళు మూసుకుంది. "ఇప్పుడెందుకే భయం, ఇది వేరే బండి" అని బావ వేళాకోళమాడాడు కానీ, ఆయన వట్టి పాదం కూడా మలుపు మలుపుకీ బస్సు నేలను తొక్కుతూనే ఉంది. చెప్పులు కొండ మీదే మర్చిపోయాడు.

అక్క వాళ్ళింటి వాకిట్లో బావా అల్లుడూ ముందు చక్రాలు రెండూ ఊడదీశారు. డిస్కును రెండు పక్కలా పట్టుకునే క్యాలిపర్లు రెండూ నల్లరంగులో కవల పిల్లల్లా ఉన్నాయి. ఎడమ వైపు డిస్కును నొక్కే ప్యాడ్లు వేరే రకం వేశారు, అందుకే పట్టేస్తోంది అన్నాడు బావ. తీసి చూస్తే ప్యాడ్లన్నీ ఒకటే. ఆయన అంచనా తప్పింది.

"మీ కాలు కూడా అబద్ధం చెప్పిద్దా మామయ్యా?" అని అమ్మాయి ఉడికించింది.

"కాలు ఏ పక్కో చెప్పింది. ఎందుకో చెప్పాల్సింది నువ్వు. నాకు కళ్ళేయి? చూడవే."

అమ్మాయి కింద కూర్చోలేక పీట వేయించుకుని కూర్చుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని వేలితో తడిమింది. ప్యాడ్‌ను నెట్టే గుండ్రటి పిస్టన్ దగ్గర వేలు ఆగింది. "ఇది కాస్త లావుందేమో" అంది. అల్లుడు "ఒకటేలా ఉన్నాయే" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. కొలవడానికి ఏదీ లేదు.

వంటింటి గుమ్మంలోంచి మా అక్క అంది: "గాజు ఎక్కిద్దేమో చూడండి. చేతికి సరిపడేదీ సరిపడందీ మేం అట్టానేగా చూసేది."

అమ్మాయి బడికెళ్ళే రోజుల్లో వేసుకున్న వెండి గాజు ఒకటి అక్క బీరువాలో దాచింది. అది తెచ్చిచ్చింది. కుడి పిస్టన్ మీద గాజు సుళువుగా జారిపోయింది. ఎడమ దాని అంచు దగ్గరే ఆగిపోయింది. అమ్మాయి నొక్కింది. ఎక్కలేదు.

రెండు వేరు వేరు కార్ల నుంచి తెచ్చి ఒకే రంగు పూసి బిగించారన్నమాట. లావు పిస్టన్ ఉన్న పక్క గట్టిగా పట్టుకుంటుంది, ఇంకో పక్క దొర్లుతూనే ఉంటుంది. బావ ఆ గాజును తీసుకుని ఎండలో పట్టి చూశాడు. "మా లారీ షెడ్డులో ఇన్నేళ్ళు లేని పనిముట్టు, మా ఇంటి బీరువాలో ఉందిరా!" అని అక్కవైపు తిరిగి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. అక్క సిగ్గుపడి లోపలికి పోయింది. అంతమందిలో ముందు నవ్వింది నా కూతురే. నవ్వి నవ్వి, ఆ నవ్వులోనే వెక్కి వెక్కి ఏడ్చింది. బావ గ్రీజు చెయ్యి ఆమె తల మీద పెట్టబోయి, మరక అవుతుందని మోచేత్తో నిమిరాడు.

సరైన జత దొరికేదాకా ఆ కారును కదలనివ్వలేదు. దొరికాక గాజు పెట్టి చూసే బిగించనిచ్చాడు. ఆ గాజు గీతల్లో గ్రీజు నలుపు ఇప్పటికీ పోలేదు. చింతపండుతో తోమినా పోలేదు. మనవరాలు పుట్టినప్పుడు బావ దాన్ని తెచ్చి ఉయ్యాలకు కట్టి, "నీ మొదటి గాజు నిన్ను కాసింది తల్లీ" అన్నాడు.

ఇవాళ ఉదయం పిల్లకు టీకా వేయించడానికి అమ్మాయి కారు తీసింది. అల్లుడు వెనక సీట్లో పిల్లను ఎత్తుకుని కూర్చున్నాడు. గేటు దాటే ముందు ఒకసారి ఆగింది. కారు గీత గీసినట్టు తిన్నగా ఆగింది. మళ్ళీ కదిలి, వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయింది. దాని ఇంజను శబ్దం వినబడినంతసేపూ వాకిట్లోనే నిలబడి, లోపలికి రాబోతూ కిందకు చూశాను. కారు అంతకుముందు నిలిచి ఉన్న చోట, డ్రైవరు తలుపు తెరుచుకునే పక్కన, తడి ముగ్గు అంచున మా అమ్మాయి చెప్పుల జత ఉంది.