మెడదాకా డీజిల్

మా అక్క మొగుడు ఒక్క మాటతో నా కిరాయి పోగొట్టాడు. మండపేటలోని ఒక మిల్లు నుంచి అమలాపురం కొట్లకు బియ్యం బస్తాలు చేరవేసే పని ఏళ్లుగా నా పాత లారీదే. ఒక రోజు మిల్లు గేటు దగ్గర, లోడు కోసం నిలబడ్డ డ్రైవర్లందరి ముందూ, బావ గుమాస్తాతో అన్నాడు:

"మా బామ్మర్ది బండిలో వచ్చిన బియ్యం వండుకుంటే కూరెందుకండీ? డీజిల్ ఘాటుకే ముద్ద దిగిపోద్ది."

అందరూ నవ్వారు. గుమాస్తా నా బండి దగ్గరకొచ్చి, ట్యాంకు మూత కింద తడిని వేలికి రాసుకుని వాసన చూశాడు.

"నిజమేనండీ బాబూ. మీరు కొన్నాళ్లు ఆగండి."

ఆ కొన్నాళ్లూ ఆ కిరాయి బావ లారీకి పోయింది. అతని లారీ కూడా నా బండి ఈడుదే.

బావ చెప్పింది అబద్ధమైతే నాకంత మండేది కాదు. మా కోనసీమ లారీవాళ్లకు ఒక అలవాటుంది. ఎదుర్లంక వంతెన దాటితే యానాం. అది పుదుచ్చేరి కిందకు వస్తుంది కాబట్టి అక్కడ డీజిల్ మనకంటే చవక. మండపేటకు రావులపాలెం మీదుగా పోకుండా, యానాం చుట్టు తిరిగి, ట్యాంకు ఇక పట్టనంత పోయించుకుంటాం. ట్యాంకు ఉన్న వైపు చక్రాలను గట్టెక్కిస్తాం. బండిని భుజాలతో ఊపుతాం. లోపలి గాలి బుడగలుగా పైకి వచ్చేస్తే ఇంకాస్త పడుతుంది. డీజిల్ ట్యాంకు మెడదాకా వచ్చి మెరిస్తే గానీ మాకు తృప్తి ఉండదు.

బంకులో భూమి లోపలి నుంచి చల్లగా వచ్చిన డీజిల్ ఎండకు పొంగుతుంది. అలా పొంగడానికి, దాని ఆవిరి మసలడానికి పైన కాస్త చోటు వదలాలి. మూతకుండే సన్నటి కన్నం పూడిపోకుండా చూసుకోవాలి. మా పాత బళ్లకు గాలి ఆడే దారి అదొక్కటే. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే మెడదాకా నింపేవాణ్ణి. పొంగినది మూత పక్క నుంచి కారి, వేలాడే టార్పాలిన్ అంచును తడిపేది. అక్కడి నుంచి వాసన అడుగు బస్తాలకు ఎక్కేది. కొట్లవాళ్లు ఒకరిద్దరు అడిగితే, రోడ్డు వాసనని దబాయించాను.

బావ మాట పడ్డాక బండిని బాగు చేయించాను. మూత కింద రబ్బరు మార్చాను, కన్నం పిన్నీసుతో పొడిచి శుభ్రం చేశాను, మెడకు నాలుగు వేళ్లు కిందే పోత ఆపించాను. ఇదంతా బండి మీద ప్రేమతో కాదు, బావ నోరు మూయించాలని. అయినా గుమాస్తా "చూద్దాంలెండి" అనే అన్నాడు.

ఆ నెల చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల దగ్గరకు వెళ్లలేదు. పగ ఉంటే దాన్ని విడిచిపెట్టి రమ్మంటారు పాస్టరుగారు. విడిచిపెట్టే ఉద్దేశం నాకు లేదు. వెనక బెంచీలో కూర్చుని, ముందు వరుసలో మోకరించిన బావ వీపును చూస్తూ ఉండిపోయాను.

రోహిణి ఎండల్లో ఒక ఉదయం యానాం బంకులో ఇద్దరం ఎదురుపడ్డాం. బావ చేతిలో ట్యాంకుకు మరో మూత ఉంది. పాత ఇనప సామాన్ల కొట్లో, వేరే బండిది, ఏరి తెచ్చుకున్నాడట.

"చూసేవా? బిగిస్తే చుక్క కారదు, వాసన రాదు. నీలాగా ఊరంతా కంపు కొట్టించుకుంటూ తిరగను."

మూతను అటూ ఇటూ తిప్పి చూశాను. కన్నం లేదు.

"బాగుందండి బావగారూ" అని తిరిగి ఇచ్చేశాను.

బంకు కుర్రాడు బావ బండికి పోత ఆపబోయాడు. నేను ఊరుకోలేదు.

"అప్పుడే ఆపించేసేరేంటండీ? మీది పెద్ద ట్యాంకనుకున్నాను."

"నీదానికంటే ఎక్కువే పడద్ది రా, చూడు!" అని బావ బండికి భుజం ఆనించాడు. రెండో వైపు నేను కూడా ఆనించాను. ఇద్దరం కలిసి ఊపాం. అక్క పెళ్లయిన కొత్తలో కలిసి ఒకే లారీ నడిపిన రోజుల తరవాత మేమిద్దరం కలిసి చేసిన పని అదే.

ఆ మూత బిగించుకుని బావ బయల్దేరితే, అతని వెనకే ఖాళీ బండితో నేనూ మండపేట వెళ్లాను, చూడటానికి.

మిల్లు ఆవరణలో సిమెంటు కళ్లం నిండా వడ్లు ఆరబోసి ఉన్నాయి. దాని పక్కనే మిట్ట మీద, ఎండలో, బావ లారీ తన వంతు కోసం ఆగింది. నేను కాటా షెడ్డు నీడలో కూర్చున్నాను. ఎండ ఎక్కేకొద్దీ ట్యాంకు అడుగు అతుకు దగ్గర తడి మెరిసింది. పైకి దారి లేని డీజిల్, ఎప్పుడో సబ్బు పెట్టి పూడ్చిన ఆ అతుకును వెతుక్కుంది. చుక్కలు గీతయ్యాయి. గీత పల్లానికి, వడ్ల వైపు సాగింది. అంత తీరిగ్గా, అంత తీపిగా నేను దేన్నీ చూడలేదు. ఒక్క కేక వేస్తే చాలు. వెయ్యలేదు. వడ్లు తడిసేదాకా ఆగి, అప్పుడు గుమాస్తాను పిలిచాను.

"మా బావగారి బండేనండి. వడ్లకి ఇక్కడే పాలిష్ పెట్టేత్తన్నారు."

డ్రైవర్లు పగలబడి నవ్వారు. ఆ నవ్వు కోసమే నెలల తరబడి కాచుకున్నాను.

బావ పరుగున వచ్చి మూత పట్టుకున్నాడు. కాగిన ట్యాంకును ముందు నీడకు చేర్చాలి. మూత మీద గుడ్డ కప్పి, మొహం పక్కకు తిప్పుకుని, కొంచెం కొంచెంగా వదులు చెయ్యాలి. బావ మొహం వంచి ఒక్కసారిగా తిప్పాడు. "మొహం తీయండి" అన్న మాట నా నాలుక మీదే ఉంది. పళ్లు బిగించి దాన్ని లోపలే ఆపాను.

డీజిల్ చిమ్మి కళ్లలో పడింది. బావ అరుపుకు నవ్వులన్నీ ఆగిపోయాయి. అప్పుడు లేచాను. కుళాయి కింద అతని తల పట్టుకుని కడుగుతూనే ఉన్నాను. రామచంద్రపురంలో కళ్ల డాక్టరు చూసి, చూపుకేం భయం లేదని, కుడి కన్ను మానడానికి మాత్రం టైం పడుతుందని చెప్పి చుక్కల మందు రాశాడు. మర్నాడే మిల్లు నుంచి కబురు వచ్చింది. కిరాయి మళ్లీ నాదే. కాదనలేదు.

ఆ సాయంత్రం బావను చూడబోతే అక్క వాకిట్లోనే ఆపేసింది.

"మూతకి కన్నం లేదని నువ్వు చూసేవా?"

"చూసేను."

"చెప్పేవా?"

"లేదక్కా."

అక్క లోపలికెళ్లి మందు సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పొద్దునా సాయంత్రం నువ్వే వచ్చి వెయ్యి. నేను వెయ్యను."

బావ మంచం మీద వెల్లకిలా ఉన్నాడు. నేను వంగగానే కళ్లు రెండూ గట్టిగా మూసుకున్నాడు.

"అంతా వినేన్రా. కన్ను మాననీ, నీ సంగతి చెప్తాను."

"ఆయ్, చెప్పండి. ముందు తెరవండి."

"నువ్వేసేది మందేనా?"

"సీసా అక్క ఇచ్చిందండి."

నా చేతిని నేనే నమ్మలేని మనిషిని, నమ్మమని అతన్ని అడగడానికి నోరు రాలేదు. క్షమించమనీ అడగలేదు. ఆ మిల్లు ఆవరణలోని నవ్వు ఇంకా నా చెవికి తియ్యగానే ఉంది, అలాంటప్పుడు ఏ మొహంతో అడుగుతాను? చివరికి బావే రెప్పను రెండు వేళ్లతో విడదీసి పట్టుకున్నాడు. ఎర్రటి ఆ కన్ను నన్ను చూస్తుండగానే చుక్క వదిలాను.