అరుగు కాదు, ప్లాట్‌ఫారం

వీధి చివరి పాత గోదాము ఒకప్పుడు రైల్వేస్టేషనని రిటైరైన లెక్కల మాస్టారికి తోచింది. ఆయనకు తోచిందంటే ఇక తేలిపోయినట్టే. పొద్దున్నే కొలతల టేపు మెడలో వేసుకుని, పెళ్లికొడుకులా బయల్దేరతాడు. అక్కడి అరుగు ప్లాట్‌ఫారమట, చిన్న కిటికీ టిక్కెట్ల కౌంటరట. పట్టాలేవని అడిగినవాడు మూర్ఖుడట.

నిన్న గోడకున్న సున్నం గీకగా గీకగా అక్షరాలు బయటపడ్డాయి: ‘ఇక్కడ మూత్రం పోయరాదు.’ కొండను తవ్వి ఎలుకను పట్టాడని వీధంతా నవ్వింది. ఆయన మాత్రం రొప్పుతూ ఇంటికొచ్చి, “చూశావటే! ప్రయాణికులే లేకపోతే ఈ హెచ్చరిక ఎవరికి?” అన్నాడు. కూర తరుగుతున్న భార్య తలెత్తలేదు. “మన ప్రహరీ మీదా అదే రాసుంది కదండీ. మరి మనింటికి రైలెన్నింటికి?” మాస్టారు మెడలోని టేపు తీసి, సొంత అరుగు ఎత్తు కొలవడం మొదలుపెట్టాడు.