ఇంతకు ముందు చెయ్యి పెట్టిన గాడిద

ఏ బండి బానెట్ ఎత్తినా భూమేష్ నోట మొదట వచ్చే మాట ఒక్కటే: "ఇంతకు ముందు ఏ గాడిద చెయ్యి వెట్టిండు దీంట్ల?" ఆ గాడిదను పది నిమిషాలు తిట్టనిదే స్పానర్ ముట్టడు. ఆపరేషన్‌కు ముందు డాక్టర్లు చేతులు కడుక్కుంటారు చూడండి, ఆయనకు ఇది అలాంటిదే.

ఊరు నిర్మల్ దగ్గర. వర్క్‌షాప్ సౌదీలోని హుఫూఫ్‌లో, గ్యారేజీ షెడ్లన్నీ వరసగా ఉండే సనయ్యాలో. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్ కూడా తియ్యని కొత్త కారుకైనా అదే ప్రశ్న. "దీన్నింకా ఎవరూ ముట్టలేదయ్యా" అని బండి ఓనరు అంటే, "ముట్టకుంటనే గిట్లయిందా?" అన్నాడు. ఓసారి మా ఆవిడ లీల నర్సుగా పనిచేసే ఆసుపత్రికి పన్ను నొప్పితో వెళ్ళి, కుర్చీలో వెనక్కి వాలి, "ఈ పన్నుకు ఏ గాడిద సిమెంట్ వెట్టిండు?" అని హిందీలో అడిగాడట. పెట్టింది ఆ ఎదురుగా ఉన్న డాక్టరే.

ఆసుపత్రి వ్యాను డ్రైవర్ దావూద్ కథ ఇంకా గొప్పది. వ్యాను పెట్రోల్ ట్యాంకులో డీజిల్ బయటపడిన రోజు పక్కనే హెడ్ నర్సు ఉంది. భూమేష్ పాత మెకానిక్‌ను హిందీలో, అరబ్బీలో, నిర్మల్ తెలుగులో ఏడు తరాల దాకా తిట్టాడు. అందరికంటే గట్టిగా తలూపింది దావూదే.

మా ఇంటికి భోజనానికి వచ్చినా ఊరుకోలేదు. చపాతీ ఎత్తి చూసి, "వీటిని ఏ గాడి..." అని లీల మొహం చూసి మింగేశాడు.

"ఏం చెయ్యను భూమేష్, అమ్మ ఇచ్చిన ఎర్ర లక్క పిడి అప్పడాల కర్ర ఆగస్టు నుంచి కనబడట్లేదు. నూనె సీసాతో ఒత్తుతున్నా" అంది లీల. నేను పప్పులో తల పెట్టి తింటూ కూర్చున్నాను.

ఎందుకో మీకు మాత్రం చెబుతాను. ఆగస్టులో మా కారు ఇంజన్ దగ్గర ఒక గొట్టం పగిలి నీళ్ళు కారాయి. ఏడో నెల కడుపుతో ఉన్న లీల, "భూమేష్‌కి చూపించండి" అని పోరింది. నేను ఫోన్లో వీడియో చూసి, చేతికి దొరికిన కర్ర పిడి కోసి, ఆ గొట్టంలో బిరడా కొట్టాను. కారడం ఆగింది. లీలతో మాత్రం, "ఖోబర్ వెళ్ళినప్పుడు అక్కడి పెద్ద మెకానిక్‌కు చూపించా" అన్నాను. మిగతా కర్ర చెత్తబుట్టకు చేరింది.

సౌదీలో హీటరేమిటని మా ఊళ్ళో నవ్వుతారు. జనవరి తెల్లవారుజామున హుఫూఫ్ వచ్చి నవ్వమనండి, చూద్దాం. మూడు నెలల పాపకు ఖోబర్‌లో పాస్‌పోర్ట్ అపాయింట్‌మెంట్. అది తప్పితే లీల సెలవు అయిపోయేలోగా మరోటి దొరకదు. తెల్లారేసరికి బయల్దేరాలి. ముందురోజు మధ్యాహ్నం హీటర్ వేస్తే చల్లగాలి కొట్టింది. "పాపను ఇందులో తీసుకెళ్ళను" అని తేల్చేసింది లీల. ముగ్గురం సనయ్యాకు వెళ్ళాం.

బానెట్ లేచింది. గాడిదా లేచింది. తిట్లయ్యాక భూమేష్ ఇంజన్ వేడెక్కనిచ్చి, హీటర్‌కు పోయే రెండు గొట్టాలూ పట్టుకు చూశాడు.

"ఒకటి కాలుతుంది. ఒకటి సల్లగుంది. ఉడుకు నీళ్ళు లోపల్కి పోతలేవు సార్."



ఇంజన్ చల్లారాక గొట్టం ఊడదీసి పటకారుతో లాగాడు. టప్పున ఎర్ర లక్క పిడి బయటికొచ్చింది. భూమేష్ పిడిని చూశాడు, నన్ను చూశాడు, పాపతో దగ్గరికి వస్తున్న లీలను చూశాడు. పిడికిలి మూసేశాడు.

"ఏం దొరికింది భూమేష్?"

"కచ్రా, సిస్టర్. పాత గాడిద పని."

"ఖోబర్ మెకానిక్కేగా? ఏవండీ, నెంబరివ్వండి. నేను మాట్లాడతా."

నేను ఆకాశంలో నెంబర్ వెతుకుతుంటే భూమేషే అన్నాడు: "వాడిప్పుడు దొరకడు సిస్టర్. ఎగ్జిట్ వీసా కొట్టుకొని ఊరికి వోయిండు."

కొత్త గొట్టం వేసి, కూలెంట్ పోసి, రేడియేటర్ మూత తీసి ఇంజన్ నడిపించాడు. బుడగలన్నీ పోయేదాకా కాపలా కాశాడు. హీటర్లోంచి వెచ్చటి గాలి రాగానే లీల పాపతో లోపల కూర్చుంది. భూమేష్ పిడిని నా చేతిలో పెట్టాడు.

"మరి... ఆ గాడిదలందరూ?"

"పన్నెండేండ్ల సంది మీ బండ్లల్ల చెయ్యి వెట్టే మెకానిక్‌ను నేనొక్కన్నే సార్. ఇంకోడు యాడికెల్లి అస్తడు?"

"దావూద్ వ్యానులో డీజిల్?"

"దావూదే పోసిండు. పది మంది ముందట మనిషినంటే మనసు నొస్తది. లేనోన్ని తిడితే ఎవ్వలికి నొప్పి?"

ఇన్నేళ్ళూ ఆయన తిట్లకు పగలబడి నవ్విన నాకు, ఆ నూనె చేతుల్ని పట్టుకుని దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. "చేతులకు గ్రీజయితది" అని విడిపించుకున్నాడు.

మర్నాడు ఖోబర్ దారిలో కారు వెచ్చగా ఉంది. పాప దుప్పటి తన్నేసి నిద్రపోతోంది. లీల ఇంకా చల్లారలేదు.

"నా అప్పడాల కర్రే ఉండుంటే, ఆ మెకానిక్ వీపు మీదే విరగ్గొట్టేదాన్ని."

"పోనీలే లీలా" అన్నాను, జేబులో పిడి గుచ్చుకుంటుంటే. "పాపం, వాడికీ పెళ్ళాం ఉండే ఉంటుంది."