లేవనన్న తాపీమేస్త్రి

మా వాళ్ళకి చావంటే భయం పోయిన దగ్గర్నుంచి నాకు ఆట నడపడం కష్టమైపోయింది.

బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట అది. ఒకరు కథ చెబుతారు: ఇది అడవి, అదిగో కోట, తలుపు వెనక ఏదో గురక పెడుతోంది, ఏం చేస్తారు? మిగిలినవాళ్ళు తలా ఒక వీరుడో మంత్రగత్తో అయి తామేం చేస్తారో చెబుతారు. అది ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఆడేకొద్దీ వీరుల బలం పెరుగుతుంది, దాన్ని లెవెల్ అంటాం. కథ చెప్పేదాన్ని నేను. ఆదివారం మధ్యాహ్నాలు, మయూర్ విహార్‌లో మా ఫ్లాట్‌లో, భోజనాల బల్ల మీద.

ఆడేవాళ్ళు ముగ్గురు. మా పిన్ని కొడుకు ఢిల్లీలోనే పుట్టి పెరిగాడు. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు హిందీలోనే చెప్తాడు. కాలేజీలో నేర్చుకున్న ఈ ఆటని మా ఇంట్లోకి తెచ్చింది వాడే. రెండో మనిషి నర్సక్క. భీమవరం వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఇక్కడ ఆస్పత్రుల్లో పని చేస్తోంది. ఆదివారం చర్చి అయ్యాక నేరుగా మా ఇంటికే వచ్చేది. మూడో ఆయన ఫరీదాబాద్‌లో కారు విడిభాగాల ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్. విశాఖ మనిషి. ఒక ఉగాది సభలో వంటల దగ్గర పరిచయమై మాకు అన్నయ్య అయిపోయాడు. ఆటలో ఆయన పెద్ద కత్తి పట్టుకున్న యోధుడు. అబద్ధం ఆడనని ఒట్టు పెట్టుకున్న రకం.

ఏళ్ళ తరబడి ఆడేసరికి ముగ్గురూ దాదాపు పై లెవెల్‌కి చేరిపోయారు. నేను వారమంతా ఆఫీసు ఫైళ్ళ మధ్య ఆలోచించి ఒక అగ్నిపర్వతాన్ని తయారు చేసేదాన్ని. నర్సక్క ఒక్క మంత్రంతో దాన్ని చల్లార్చి, "ఊఁ, ఇంకేముంది?" అంటూ పకోడీల పళ్ళెం దగ్గరికి లాక్కునేది. రెండు డ్రాగన్లని కలిపి వదిలితే టీ చల్లారేలోపు రెండూ చచ్చేవి. పొరపాటున మా వాళ్ళలో ఎవరైనా పోయినా, నర్సక్క దగ్గర చచ్చినవాళ్ళని లేపే మంత్రం ఉంది. పోయినవాడు లేచి, దుమ్ము దులుపుకుని, కత్తి ఎక్కడ పడిందని వెతుక్కునేవాడు.

"దీదీ, బోర్ హో రహా హై," అనేవాడు మా వాడు.

వాడన్నది నిజమే. ఎంత బలవంతులకి అంత పెద్ద రాక్షసుణ్ణి ఎదురుపెడితే వాళ్ళకి కష్టం పెరగదు, కొట్లాట ఇంకో గంట సాగుతుందంతే. అందుకని దారులు మార్చి చూశాను. ఒకేసారి రెండు ఊళ్ళు తగలబడితే ఎటు వెళ్తారో చూద్దామనుకున్నాను. రెప్పపాటులో ఎక్కడికైనా వెళ్ళే మంత్రంతో రెండు చోట్లకీ వెళ్ళొచ్చారు. చంపకూడని శత్రువుని పెట్టాను, ఒక రాజుగారి పిచ్చి కూతురిని. ఆమెని నిద్రపుచ్చి, వైద్యం చేసి, తండ్రికి అప్పగించారు. ఆ పిల్లని క్షేమంగా తీసుకొచ్చినందుకు అన్నయ్య చాలా సంతోషించాడు. నేను మాత్రం ఇంకో వారం గట్టెక్కాననుకున్నాను.

నవంబరులో, గాలి పాడై అందరూ కిటికీలు మూసుకుని కూర్చునే రోజుల్లో, అన్నయ్య రెండు ఆదివారాలు రాలేదు. మూడో ఆదివారం వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది. చెప్పులు విప్పుతూనే చెప్పాడు, "మా షిఫ్ట్‌లో ఒక కుర్రాడు పోయాడమ్మా."

రేకులు నొక్కే పెద్ద ప్రెస్‌లో అచ్చు సరిచేయడానికి లోపలికి వంగాడట. ప్రెస్ దిగిపోయింది. మనిషి చేయి అడ్డం వస్తే మిషను ఆగిపోవడానికి ఒక సెన్సార్ ఉంటుంది. అది మాటిమాటికీ మిషన్ని ఆపేస్తోందని, పని వెనకబడుతోందని, పండగ ముందు నుంచీ దాన్ని తీసేసి ఉంచారు. బీహార్ నుంచి కాంట్రాక్టరు తెచ్చిన కుర్రాడు. పెళ్ళి కూడా కాలేదు.

నర్సక్క లేచి ఆయనకి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. "ఇవాళ వద్దులే, మాట్లాడుకుందాం," అన్నాను.

"లేదు, ఆడదాం. ఇంట్లో అదే మాట, ఫ్యాక్టరీలో అదే మాట."

ఆడాం. ఆ రోజు ఒక భూతం చేతిలో మా వాడి వీరుడు చచ్చిపోయాడు. మా వాడు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు, ఎలాగూ లేపుతారని. నర్సక్క మామూలుగానే, "ఆఁ, లేపుతున్నాను, రాసుకో," అంది.

"వద్దు," అన్నాడు అన్నయ్య.

"ఏం వద్దు?"

"లేపొద్దక్కా. పోయాడు కదా, పోనీ."

మా వాడు ఫోన్ కింద పెట్టాడు. "భయ్యా, వో మేరా క్యారెక్టర్ హై."

"నీదే. చచ్చాడు కదా. ప్రతిసారీ లేచిపోతే ఇక చావడం దేనికి?"

నర్సక్క ఆయన వంక తిరిగింది. "తమ్ముడూ, నేను వారంలో ఆరు రోజులు లేవనివాళ్ళని చూస్తాను. ఇక్కడొక్క చోటే నా చేతిలో ఆ మంత్రం ఉంది. అది తీసెయ్యకు," అంది. గట్టిగా అనలేదు. మా వాడి వీరుడు లేచాడని రాసుకున్నాను. ఆ రోజు ఆట అక్కడితో ఆపేశాం.

ఆ వారంలోనే ఆయన ఏదో పని మీద ఢిల్లీ వచ్చి, నాకు ఫోన్ చేశాడు. అశోకా రోడ్‌లో మా ఆఫీసు వాళ్ళందరం వెళ్ళే చోట భోజనానికి కూర్చున్నాం. పప్పు కలిపాడు గానీ తినలేదు.

"మేనేజరు కాగితం రాసి తెచ్చాడు. సెన్సార్ ఆ కుర్రాడే తీసేశాడని. నేను చూసి వద్దన్నా వినలేదని. కింద నా సంతకం కావాలి."

"తీసింది ఎవరు?"

"మెయింటెనెన్స్ వాళ్ళు. మేనేజరు చెబితే. నాకు తెలుసు. రోజూ చూస్తూనే ఉన్నాను." గ్లాసు పక్కకి జరిపాడు. "సంతకం పెట్టకపోతే నేనే తీయించానంటారు. నా షిఫ్టే కదా."

ఏం చేస్తారని అడిగాను. పప్పు కలిపిన పళ్ళెం అలాగే వదిలి లేచాడు. సలహా కూడా అడగలేదు. చేతులు కడుక్కుని వచ్చాక మాత్రం, "ఈసారి కత్తితో, మంత్రంతో తేలనిది ఏదైనా పెట్టమ్మా," అన్నాడు. "ప్రతి వారం నెగ్గి ఇంటికెళ్తుంటే విసుగ్గా ఉంది."

ఆయన బతుకులో జరిగింది తీసుకెళ్ళి ఆయన ముందే పెట్టడం నాకిష్టం లేదు. కొన్ని రోజులు వేరేవాటి కోసం వెతికాను. ఏది అనుకున్నా నర్సక్క మంత్రాల్లో ఒకటి దాన్ని మింగేస్తోంది. చివరికి మంత్రాల పుస్తకమే తిరగేస్తుంటే, మేము ఎప్పుడూ పట్టించుకోని ఒక ముక్క కనబడింది. చచ్చినవాడికి తిరిగి రావడం ఇష్టమైతేనే ఆ మంత్రం పారుతుందని. ఇన్నేళ్ళలో రానని అన్నవాడు ఎవడూ లేడు. అనేవాణ్ణి ఒకణ్ణి తయారు చేశాను.

ఆదివారం కథ ఇలా మొదలైంది. అన్నయ్య యోధుడు ఏలుతున్న ఊరికి ముట్టడి తొలగిపోయింది. శత్రువులు పారిపోయారు. గోడ ఒకచోట కూలి ఒక తాపీమేస్త్రి పోయాడు. అంత యుద్ధంలో పోయినవాడు అతనొక్కడే. నర్సక్క మంత్రం వేసింది.

"రానంటున్నాడు," అన్నాను.

"అంటే? పాచిక వెయ్యాలా?"

"పాచిక లేదక్కా. అతనికి ఇష్టం లేదు."

ముగ్గురూ మొదటిసారి ముందుకి వంగి కూర్చున్నారు. మా వాడు దేవతల్ని పిలిచి అడిగించాడు. నర్సక్క ఇంకా పెద్ద మంత్రం తీసింది. అతని నుంచి ఒకే మాట వచ్చింది: నేను ఎలా పోయానో ముందు మా అమ్మకి చెప్పండి. అంతకు మించి నేనేమీ రాసుకోలేదు. గోడ ఎందుకు కూలిందో కూడా రాసుకోలేదు. వాళ్ళే కనుక్కుంటారులే అనుకున్నాను.

మా వాడు వెంటనే గోడ దగ్గరికి బయల్దేరాడు. "ఠీక్ హై, ఇన్వెస్టిగేట్ కర్‌తే హై," అన్నాడు.

"అక్కర్లేదు," అన్నాడు అన్నయ్య. "నేను వాళ్ళింటికి వెళ్తున్నాను. ఒక్కణ్ణే. కత్తి బయట పెట్టి వెళ్తాను."

ఆ తల్లిని నేనే పలకాలి. చేటలో బియ్యం ఏరుతోందని చెప్పాను. ఆయన్ని చూసి లేవబోయిందని చెప్పాను.

"కూర్చోమ్మా," అన్నాడు ఆయన. కళ్ళు నా మీద కాదు, బల్ల మీద ఉన్నాయి. "మీ అబ్బాయి తప్పేం లేదు. ఆ గోడ నిలవదని నాకు తెలుసు. తెలిసే ఎక్కమన్నాను."

నా మనసులో అలాంటిదేమీ లేదు. ఆయన అన్నాడు గనక మా కథలో ఇక అదే నిజం.

"ఎప్పట్నుంచి తెలుసు బాబూ?" అని అడిగాను, ఆ తల్లిగా. ఇంకేం అడగాలో తోచలేదు.

"చాలా రోజుల నుంచి."

"ఎవరికైనా చెప్పారా?"

"లేదమ్మా. పని ఆగిపోతుందని."

వంటింట్లో కుక్కర్ కూత వేసింది. ఎవరూ లేవలేదు. మా పిన్ని కొడుకు తల దించుకుని పాచిక తిప్పుతూ ఉన్నాడు. నాకు ఆ తల్లి నోటితో తిట్టడానికి రాలేదు, క్షమించడానికీ రాలేదు. "ఆమె చేట పక్కన పెట్టింది. ఏమీ మాట్లాడటం లేదు," అని చెప్పాను.

నర్సక్క మెల్లగా, "ఇప్పుడు వెయ్యనా తమ్ముడూ?" అంది.

"వద్దక్కా."

ఈసారి ఆమె వాదించలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆయన నాతో, "బాగా పెట్టావమ్మా," అన్నాడు. ముఖం కాస్త తేలిక పడినట్టుంది. ఆయన సంతకం పెట్టడనే నేననుకున్నాను. నర్సక్క కూడా అదే అనుకుంది. మెట్రో దాకా నడుస్తూ, ఒకవేళ ఉద్యోగం పోతే ఆస్పత్రి స్టోర్స్‌లో ఎవరినైనా అడుగుతానని నాతో అంది కూడా.

ఆయన మంగళవారం సంతకం పెట్టాడు. వారం చివర్లో నేనే ఫోన్ చేస్తే చెప్పాడు.

"ఆ కుర్రాడి తల్లి వచ్చిందమ్మా, ఊరి నుంచి. ఎవరో బంధువుని తోడు తెచ్చుకుంది. గేటు దగ్గర కూర్చోబెట్టారు. నేను పై అంతస్తు కిటికీలోంచి చూశాను."

"దిగి వెళ్ళలేదా?"

"వెళ్ళలేదు. మెట్ల దాకా వచ్చాను. మీ ఇంట్లో అయితే ఎదురుగా నువ్వున్నావు. ఏమన్నా అనేది నువ్వే కదా అని చెప్పగలిగాను. అక్కడ ఆమె ఉంది."

ఆదివారం వస్తున్నారా అని అడిగితే, షిఫ్టులు మారాయన్నాడు. ఆ తరవాత రాలేదు.

మా పిన్ని కొడుకు చాలా కోపగించుకున్నాడు. ఆట గురించి కాదు. "ఝూట్ బోలా ఉన్హోఁనే, దీదీ. మరే హుయే ఆద్మీ పర్," అన్నాడు. చచ్చినవాడి మీద అబద్ధం చెప్పాడని. నర్సక్క వాణ్ణి వారించలేదు. నా బాధ వేరు. ఆ మాటలు ఆయన లోపల నిలవ ఉంటే ఎప్పుడో ఒకప్పుడు చెప్పాల్సిన చోట చెప్పేవాడేమో. నా బల్ల దగ్గర చెప్పేసి బరువు దించుకున్నాడేమో. ఒకసారి అదే నర్సక్కతో అన్నాను.

"అలా అనుకోకమ్మాయ్," అంది ఆమె. "ఆస్పత్రిలో ఇలాంటి కాగితాలు నేను చాలా చూశాను. ఆట ఆడని వాళ్ళు కూడా సంతకాలు పెడతారు. కనీసం ఇతని నోటి నుంచి ఆ మాట రావడం మనం ముగ్గురం విన్నాం."

అది ఆ కుర్రాడి తల్లికి ఏం పనికొస్తుందో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

చలికాలం పోయాక మేం ముగ్గురం కొత్త ఆట మొదలుపెట్టాం. ఒకటో లెవెల్ నుంచి, చేతికర్రలు, చిరిగిన గోనెసంచులతో. ఆ పై లెవెల్ వాళ్ళని ఆడదామని ఎవరూ అనలేదు.

మొన్న మండీ హౌస్‌లో మెట్రో మారుతుంటే ప్లాట్‌ఫారం మీద అన్నయ్య కనబడ్డాడు. జుట్టు బాగా నెరిసింది. ఫ్యాక్టరీలో ఇంకో యూనిట్‌కి మార్చారని చెప్పాడు. నర్సక్క ఎలా ఉందని అడిగాడు, మా వాడికి ఉద్యోగం వచ్చిందా అని అడిగాడు.

"ఆట నడుస్తోందా?"

"నడుస్తోంది. ఇప్పుడు ఎలుకలకే భయపడి పారిపోతున్నారు."

నవ్వాడు. ఫరీదాబాద్ వైపు బండి వచ్చింది. ఎక్కుతూ, "ఒక ఆదివారం వస్తానులే," అన్నాడు.

"రండి అన్నయ్యా," అన్నాను.

తలుపులు మూసుకున్నాయి. లోపల సీటు ఖాళీగానే ఉంది గానీ ఆయన కూర్చోలేదు, కడ్డీ పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు.