అన్నం తిని చూడాల్సిన సినిమాలు

నాకు ఇష్టమైన సినిమాలేవని ఎవరైనా అడిగితే పేర్లు చెప్పలేను. నేను జాకెట్లు కుట్టేదాన్ని. కథ కన్నా ముందు నాకు చేతులూ మెడలూ కనిపిస్తాయి. పచ్చ జాకెట్టు సినిమా, దారం లేని సూది సినిమా, మాయని పంచెల సినిమా, ఇలా గుర్తుంటాయి. అన్నీ ఒకే ఏడాది, కర్నూలులో మా ఇంట్లో మంచం మీద పడుకుని చూసినవే. సీడీ ప్లేయర్లు ఇంటింటికీ వచ్చేసి, సెల్ ఫోన్లో సినిమా చూడొచ్చని ఎవరికీ తెలియని రోజులవి.

మంచం ఎందుకెక్కానో ముందే చెప్పాలి, ఎందుకంటే తప్పు నాదే. మిద్దె మీద వడియాలు ఎండబెట్టి దిగుతూ, తడిసిన కడప బండ మీద జారి పడ్డాను. కుడికాలు మోకాలి కింద విరిగింది. మావైపు ఎముక విరిగితే ముందు ఆకు కట్టు, తర్వాతే ఆసుపత్రి. కట్టు కట్టినాయన నలభై అయిదు రోజులు కాలు కింద పెట్టొద్దన్నాడు. నెల తిరిగేసరికి పెళ్లిళ్లు మొదలయ్యాయి. పదహారు జాకెట్లు బల్ల మీద కూర్చుని నన్నే చూస్తున్నాయి. నడవొద్దన్నాడు గానీ కూర్చోవద్దనలేదు కదా అని, మిషన్ ముందు కూర్చుని తొక్కడం మొదలుపెట్టాను. అదీ నా తెలివి. మూడో రోజుకు కాలు గుమ్మడికాయంత వాచింది. అతుక్కుంటున్న ఎముక పక్కకు జరిగిందని, ఎముకల డాక్టరు ఆపరేషన్ చేసి లోపల కడ్డీ వేశాడు. ఏడాది పాటు మిషన్ మాట ఎత్తొద్దన్నాడు. అప్పటికీ ఎముక అతుక్కోకపోతే ఈ కాలు ఇక తొక్కడానికి పనికిరాదు, మోటారు పెట్టుకోమన్నాడు. మా వీధిలో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో ఆ డాక్టరుకేం తెలుసు?

పదిహేనేళ్ల వయసు నుంచీ నేను మిషన్ తొక్కుతున్నాను. నా పాదాలు ఆగితే నేను ఆగిపోయినట్టే అనిపించేది. ఆ ఏడాది మొదట్లో నేను ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మాట్లాడితే కరిచేదాన్ని.

మా ఆయనకు డోన్‌లో లారీల ఆఫీసులో గుమాస్తా పని. పొద్దున్నే వంట చేసి, నా మంచం పక్కన గిన్నెలు సర్ది రైలుకు వెళ్లేవాడు. నా నోటికి భయపడో, నా మీద జాలిపడో, ఒక సాయంత్రం డోన్ స్టేషన్ పక్క షాపు నుంచి ఒక సినిమా తెచ్చాడు. అప్పట్లో ఒక సినిమా అంటే రెండు సీడీలు, ఇంటర్వెల్ దాకా ఒకటి, తర్వాత ఒకటి. ఎల్లుండి పొద్దున మళ్లీ పట్టుకుపోవాలి అన్నాడు. మధ్యలో మాకు మిగిలేది ఒక్క మధ్యాహ్నం. అందులోనూ రెండింటి దాకా కరెంటు ఉండదు, అయిదు దాటితే టీవీ మగవాళ్ల చేతికి పోతుంది.

పక్కింట్లో ఒక అక్క ఉండేది, వాళ్ల ఉర్దూలో ఆపా అని పిలిచేదాన్ని. వాళ్లాయన మసీదు వీధిలో పరుపులు కుట్టేవాడు. వాళ్లత్తను మేమంతా దాదీ అనేవాళ్లం. దాదీకి పక్షవాతం వచ్చి నడుము కింద పడిపోయింది, ఆమెను వదిలి ఆపా గడప దాటలేదు. నేనూ దాటలేను. మా కిటికీకీ వాళ్ల వంటింటి గుమ్మానికీ మధ్య రెండు మూరల సందు, చెయ్యి చాపితే అందుతుంది. మా ప్లేయరు నా మంచం పక్కనే చేతికందేలా ఉంటుంది, వాళ్లింట్లోనూ ఒకటి ఉంది. అందుకని ఉపాయం ఆపాయే చెప్పింది: రెండింటికి కరెంటు రాగానే నేను మొదటి సీడీ, ఆమె రెండో సీడీ పెట్టుకోవాలి. అయిపోగానే కిటికీ ఊచల్లోంచి మార్చుకోవాలి. నేను మంచం పట్టిన మనిషిని కాబట్టి సినిమా వరసగా నాకు, తలకిందులుగా వాళ్లకు. దాదీకి అదే నచ్చింది. చివర ఎవరు పోతారో ముందే తెలిస్తే మనసు నిమ్మళంగా ఉంటుందని ఆమె వాదన.

అలా ఏడాది పొడుగునా ప్రతి సినిమా చివర ఏమవుతుందో నాకన్నా ముందు ఆపాకు తెలిసేది. చెప్పావంటే ఊరుకోనని మొదటి రోజే గట్టిగా అన్నాను. ఆమె చెప్పేది కాదు. కానీ సీడీ అందించేటప్పుడు ఒక మాట అనేది. చివర బాగుంటే, "చూడు చెల్లీ" అనేది. బాగుండకపోతే, "అన్నం తిని చూడు" అనేది. చూశాక ముద్ద దిగదని ఆమె భయం. ఈ సంగతి నాకు నాలుగో సినిమాకు గానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా తెలియనట్టే ఉన్నాను. ఆ మాట అన్న రోజు మాత్రం నిజంగానే ముందు తినేదాన్ని.

పచ్చ జాకెట్టు సినిమాలో హీరోయిన్ మోచేతి దాకా ఉన్న జాకెట్టుతో గడప లోపల ఏడవడం మొదలుపెట్టి, గడప దాటేసరికి పొట్టి చేతుల జాకెట్టుతో ఏడుస్తుంది. నేను కిటికీలోంచి ఆపాను కేకేసి, ఈమె ఏడుస్తూ ఏడుస్తూ చేతులు కత్తిరించుకుందని చెప్పాను. ఆ ఏడాదిలో నేను మొదటిసారి నవ్వింది ఆ రోజే. దారం లేని సూది సినిమా అరవం నుంచి వచ్చింది. ఒక బస్సు డ్రైవరు, ఆయన భార్య, ఒక్క గది. కథంటూ పెద్దగా ఏమీ లేదు. చివర ఆమె ఆయన చొక్కాకు గుండీ కుడుతుంది. దగ్గర్నుంచి చూపించారు కాబట్టి సూదిలో దారం లేదని నాకు కనిపించింది. దారం లేకపోయినా నాకు ఏడుపొచ్చింది, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. ఆపా ఆ సినిమాకు ఏమీ అనకుండా సీడీ ఇచ్చేసి వెళ్లిపోయింది. బాగుందో బాగాలేదో ఆమెకూ తేలలేదనుకుంటాను.

ఇక మా సీమ సినిమాలు. ఆ రోజుల్లో రెండు సినిమాలకొకటి మా మీదే తీసేవాళ్లు. బురుజు చూపిస్తారు, వెంటనే తెల్ల బండ్లు వరసగా వస్తాయి, ఒక్కొక్క బండిలోంచి పదిమంది తెల్ల పంచెలతో దిగి కత్తులు తిప్పుతారు. ఎన్ని తలలు తెగినా పంచెకు మరక ఉండదు. మాకు కొళాయి నీళ్లు మూడు రోజులకొకసారి. ఇన్ని పంచెలు యాడ ఉతుకుతాండారో అని దాదీ పడుకున్న చోటి నుంచే గట్టిగా అడిగింది, నాకు మా ఇంట్లోకి వినిపించింది. కడ్డీ ఉన్న కాలు నొప్పి పుట్టేదాకా నవ్వాను. కోపం కూడా వచ్చింది. మా కర్నూలులో మనుషులు జాకెట్లు కుట్టుకుంటారనీ పరుపులు కుట్టుకుంటారనీ ఒక్కడూ తీయడు.

కానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైన సినిమా ఇవేవీ కావు. అసలు దాన్ని ఎవరూ తీయలేదు.

ఎనిమిదో నెలలో ఒక సినిమా వచ్చింది. థియేటర్లో దొంగతనంగా తీసిన ప్రింటు, అందరి మొహాలూ పాలిపోయి ఉన్నాయి. మొదటి సీడీలో హీరోయిన్ కాలేజీ మెట్ల మీంచి పడిపోయింది. కాలు. డాక్టరు కళ్లద్దాలు తీసి, ఇక నడవదని చెప్పాడు. సీడీ అయిపోయింది. ఆపా రెండో సీడీ ఇస్తూ, "చూడు చెల్లీ" అంది. అన్నం ఊసెత్తలేదు.

రెండో సీడీ పెట్టగానే అదే హీరోయిన్ పొద్దుతిరుగుడు చేన్లో పరిగెత్తుతోంది. అదే హీరో ఎదురొస్తున్నాడు. మొదటి సగంలో ఊళ్లో ఉన్న ఇల్లు ఇప్పుడు పట్నంలో ఉంది, మామయ్యగా ఉన్నాయన తండ్రయ్యాడు. ఆ ప్రింట్లలో సీన్లు కోసేయడం మామూలే, మధ్యలో వైద్యం జరిగిన భాగం పోయిందనుకున్నాను. అనుకున్నానని రాస్తున్నాను గానీ అది అబద్ధం. మొదటి సీడీలో ఆమె జాకెట్లకు మెడ లోతుగా, చంక కింద ముడతలు పడేట్టు ఉంది. రెండో సీడీలో మెడ గుండ్రంగా, చేతి అంచుకు సన్నటి పైపింగ్, ఒక్క ముడత లేదు. ఇద్దరు వేరు వేరు దర్జీల చెయ్యి అది. ఆ జంట ఆ ఏడాది రెండు సినిమాల్లో కలిసి చేశారు. షాపులో సీడీలు తారుమారయ్యాయని పైపింగ్ చూసిన నిమిషంలోనే నాకు తెలుసు. గడప దాటేలోపు జాకెట్టు చేతులు మారితే ఊరంతా వినేలా అరిచిన మనిషిని, ఆ రోజు నోరు మూసుకున్నాను. ఆమె నడవడం నాకు కావాలి.

సినిమా అయ్యాక కిటికీ దగ్గర ఆపాతో, చూశావా నడిచింది అన్నాను. ఆపా నా మొహం వంక ఒక్క క్షణం చూసి, "నడవడమేంది, పరిగెత్తలా?" అంది. ఆ రాత్రి నేను రెండు జొన్న రొట్టెలు ఎక్కువ తిన్నానని మా ఆయన ఆశ్చర్యపోయాడు. మర్నాటి నుంచి డాక్టరు చెప్పిన వ్యాయామం, అన్ని రోజులూ ఎగ్గొట్టింది, మంచం మీదే చేయడం మొదలుపెట్టాను. పాదం పైకి, పాదం కిందికి. మిషన్ తొక్కినట్టే.

పది రోజులకు మా ఆయన డోన్ నుంచి వస్తూ వస్తూనే నవ్వుకుంటూ చెప్పాడు. షాపాయన మనకు రెండు సినిమాలు కలిపి ఇచ్చాడంట, మీవాళ్లకు తేడా తెలియలేదా అని అడిగాడంట, అసలు రెండో సీడీ ఇదిగో. నాకు ఒళ్లు మండిపోయింది. నాకెప్పుడో తెలుసు, తెలిసే చూశాను, నువ్వెవరు చెప్పడానికి అని అరిచాను. పాపం, ఆయనకు ఏమీ అర్థం కాలేదు. సీడీ నా దిండు పక్కన పెట్టి వంటింట్లోకి పోయాడు. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. నాకు భయం వేసింది. ఏడాది అయిపోవస్తోంది, నా రెండో సీడీలో ఏముందో ఎవరికీ తెలియదు.

మర్నాడు ఆ సీడీని చూడకుండా ఆపాకు ఇచ్చేశాను. ఎప్పటిలా ఆమే ముందు చూసింది. సాయంత్రం కిటికీ దగ్గరకు వచ్చి, ఊచల్లోంచి ఇవ్వకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"ఇది ఆడలేదు చెల్లీ. గీతలు పడిండాది. షాపులో ఇచ్చేయమను."

సరేనన్నాను. ఆ సీడీ మీద ఒక్క గీత లేదని దిండు పక్కన పెట్టుకున్న నాకు తెలియదా? ఆమెకు అన్నం తిని చూడు అనడానికి నోరు రాలేదని తెలిసింది. ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే దాచానని అనుకున్నాను. ఆమెకూ మొదటి రోజే తెలుసు. చేన్లో పరిగెత్తిన అమ్మాయి వేరని తెలిసే, పరిగెత్తలా అంది.

చివరి ఎక్స్‌రే తీసే రోజు వచ్చింది. మా ఆయన సెలవు పెట్టి ఆటో తెచ్చాడు. కర్ర పట్టుకుని గుమ్మం దాటుతుంటే ఆపా దాదీని ఒంటరిగా వదిలి సందు దాటి వచ్చింది. ఏడాదిలో ఆమె మా గడప దగ్గరికి రావడం అదే మొదటిసారి. ఆమెను చూడగానే, ఎందుకడిగానో గానీ, అడిగేశాను.

"ఆపా, అన్నం తిని పోవాల్నా?"

ఆమె నా చీర కుచ్చిళ్లు సర్దుతూ తల ఎత్తలేదు. "దీనికి రెండో సీడీ నాకు రాలేదమ్మా. పోయి రా. వచ్చినాక కలిసి తిందాం."

డాక్టరు ఎక్స్‌రేను కిటికీ వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశాడు. నేను ఆయన చొక్కా కాలరు కుట్టు చూస్తూ కూర్చున్నాను, అది ఒక పక్క విడిపోతోంది. అతుక్కుంది అన్నాడు. ఇంకో నెల ఆగి, మెల్లగా తొక్కుకోమన్నాడు. మా ఆయన బయటికి వచ్చి కళ్లు తుడుచుకుని, దుమ్ము పడిందన్నాడు. నేను కొంగు అందించాను.

ఇంటికి వచ్చేసరికి మూడు దాటింది. మా వాకిట్లో బండ మీద ఆపా కూర్చుని ఉంది. పక్కన రెండు కంచాలు, వాటి మీద రెండు కంచాలు బోర్లించి ఉన్నాయి. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని, మందలిస్తే వినలేదని వాళ్లింట్లోంచి దాదీ ఫిర్యాదు చేసింది. అతుక్కుందన్నట్టు నేను ఆపా వైపు తల ఊపాను. ఆపా కంచం మీది కంచం తీసింది. రొట్టెలు గట్టిపడి అట్టల్లా ఉన్నాయి. చింతాకు పప్పులో నానబెట్టుకుని తిన్నాం.

నెల తర్వాత మిషన్ మీది గుడ్డ తీసి, నూనె వేసి, రెండు పాదాలూ పెట్టాను. మొదట కుట్టింది ఆపా జాకెట్టే. గుండ్రటి మెడ, చేతికి సన్నటి పైపింగ్. కుడికాలు కాస్త వెనకబడింది గానీ ఆగలేదు. చప్పుడు విని ఆమె కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. పాదాలు ఆపకుండానే, ఇన్నాళ్లూ అడగనిది అడిగాను, ఆ గీతల సీడీలో చివరికి ఏమైందని.

"ఏ సీడీ?" అంది ఆపా. "ఆ పిల్ల పరిగెత్తింది కదా, నువ్వే చూసినావు. చెయ్యి బిగుతు చేయొద్దు, నాకు ఊపిరాడదు."